కద్మాలో ‘క్వార్టర్’ అంటే ఇల్లు, శ్రీకాకుళంలో సీసా: ఒకే ఇంగ్లిష్ మాటకు ఇన్ని అర్థాలుంటే ఏది తీసుకోవాలి?

జంషెడ్‌పూర్‌లోని కద్మా నుంచి ఒక కుర్రాడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మేనమామకు ఫోన్ చేసి, ‘‘మావయ్యా, నాన్నకి క్వార్టర్ దొరికింది’’ అన్నాడనుకోండి. అవతల మావయ్య ఒక్క క్షణం ఆగి, ‘‘ఏట్రా, మీ నాన్న మళ్ళీ మొదలెట్టేడేటి?’’ అని అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరికీ ఆ మాట తెలుసు. కానీ కద్మాలో క్వార్టర్ అంటే కంపెనీ ఉద్యోగికిచ్చే ఇల్లు. ఆంధ్రలో, తెలంగాణలో మామూలు మాటల్లో క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్ల మద్యం సీసా. ఇంగ్లిష్‌లో అదే మాటకు పావు భాగం, మూడు నెలల కాలం, ఊళ్ళో ఒక వాడ, అమెరికాలో 25 సెంట్ల నాణెం అనే అర్థాలు కూడా ఉన్నాయి. అవేవీ ఆ ఫోన్ సంభాషణలోకి రాలేదు. ఎవరికి ఏ అర్థం ముందు చేరిందో, వాళ్ళకు అదొక్కటే ఆ మాటకు అర్థమైపోయింది.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. కానీ ఇదే తికమక ‘ఛార్జ్‌షీట్’, ‘డిశ్చార్జ్’, ‘పాజిటివ్’ లాంటి మాటల దగ్గర జరిగితే నవ్వులాటగా ఉండదు.

నానార్థాలు మనకు కొత్తేమీ కాదు

ఒక మాటకు అనేక అర్థాలుండటం ఇంగ్లిష్ ప్రత్యేకత కాదు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినవాళ్ళందరూ నానార్థాలు వల్లె వేసినవాళ్ళే. కరము అంటే చేయి, కిరణం, పన్ను, ఏనుగు తొండం. పాలు అంటే గేదె ఇచ్చేవీ, ఆస్తిలో వచ్చే వాటా కూడా. ‘‘అన్నదమ్ములకు సమాన పాలు’’ అంటే ఎవరూ చెంబు పట్టుకుని రారు.

మరి ఇంగ్లిష్ మాట దగ్గరే ఎందుకు తడబడతాం? సొంత భాషలో పాలు అనే మాటకు రెండర్థాలూ చిన్నప్పటి నుంచి విని ఉంటాం. వాక్యాన్ని బట్టి ఒకటి తీసుకుని రెండోది పక్కన పెడతాం. అరువు తెచ్చుకున్న మాట అలా రాదు. సాధారణంగా అది ఒక్క అర్థాన్ని వెంటబెట్టుకుని వస్తుంది, మిగతావి తన దేశంలోనే వదిలేస్తుంది. మనకు తెలిసింది ఒక్కటే కాబట్టి ఇంకొకటి ఉందన్న అనుమానం కూడా రాదు. తెలియని మాట ఎదురైతే నిఘంటువు చూస్తాం, లేదా పక్కవాళ్ళను అడుగుతాం. ‘తెలిసిన’ మాటను ఎవరు వెతుకుతారు?

ఈ సంగతి గమనించడానికి కద్మా లాంటి చోటు అరుదుగా దొరుకుతుంది. అక్కడి తెలుగు ఒక శతాబ్దంగా ఉక్కు కొలుముల పక్కన ఉంటోంది.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన మాటలు

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి దగ్గర కట్టిన కర్మాగారంలో 1911 చివర్లో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు రావడం మొదలైంది. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలీమాటి రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు బిష్టుపూర్, కద్మా, సోనారీ వైపు స్థిరపడ్డాయి. కద్మాలో గణేష్ పూజా మైదానం ఉంది. వినాయక చవితి రోజుల్లో అక్కడ తెలుగు ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది.

ఈ కుటుంబాల్లో మగవాళ్ళు ఫ్యాక్టరీ మాటలను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఫోర్‌మన్ నోటి నుంచి, పక్కన పనిచేసే హిందీ, బెంగాలీ, ఒడియా కార్మికుల నుంచి నేర్చుకున్నారు. అందుకే ఇంగ్లిష్ మాటల్లో కోస్తా తెలుగువాళ్ళకు తెలియని అర్థాలు వీళ్ళ తెలుగులో మామూలు మాటలైపోయాయి.

‘హీట్’ తీసుకోండి. శ్రీకాకుళంలో ‘‘ఒంట్లో హీట్ చేసింది’’ అంటే మామిడిపళ్ళు ఎక్కువ తిన్నారని. ఉక్కు కార్మికుడికి హీట్ అంటే కొలిమిలో ఒకసారి కరిగించి తీసిన ఉక్కు మొత్తం. అది లెక్కపెట్టే వస్తువు. ‘‘ఈ షిఫ్టులో ఎన్ని హీట్లు?’’ అని అడుగుతారు. ప్రతి హీట్‌కూ ఒక నంబరుంటుంది. దాన్నిబట్టే ఆ ఉక్కులో కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత అని తర్వాత కూడా వెతికి పట్టుకోవచ్చు. వేడికి బహువచనం ఉండదు, హీట్‌కు ఉంటుంది. అర్థం మారిందని చెప్పే మొదటి గుర్తు అదే.

‘షాపు’ ఇంకా తేలిక. తెలుగులో షాపు అంటే కొట్టు. జంషెడ్‌పూర్‌లో ‘ఎల్‌డీ షాపు’లో పని అంటే ఊళ్ళోవాళ్ళు అక్కడేం అమ్ముతారని అడగొచ్చు. అది ఆక్సిజన్ ఊది ఇనుమును ఉక్కుగా మార్చే విభాగం. ఎల్‌డీ అనేవి ఆ పద్ధతి పుట్టిన ఆస్ట్రియా పట్టణాలు లింజ్, డోనావిట్జ్ పేర్లలో మొదటి అక్షరాలు. ఇంగ్లిష్‌లో షాపు అంటే సరుకు అమ్మే చోటే కాదు, తయారుచేసే చోటు కూడా. ‘వర్క్‌షాపు’ అన్నప్పుడు ఆ రెండో అర్థం మన దగ్గరకూ వచ్చింది కానీ, దాన్ని ఒక ముద్దగా తీసుకున్నాం. విడదీసి చూడలేదు.

‘ట్యాపింగ్’ సంగతి చెప్పక్కర్లేదు. 2024 నుంచి తెలంగాణ రాజకీయాలు చదువుతున్నవాళ్ళకు ట్యాపింగ్ అంటే ఫోన్లు రహస్యంగా వినడమే. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ట్యాపింగ్ అంటే బంకమట్టితో మూసిన రంధ్రాన్ని తొలిచి, కరిగిన ఇనుమును బయటికి వదలడం. నిజానికి పాత అర్థానికి దగ్గరిది ఇదే. పీపాకు పెట్టిన బిరడా తీసి సారాయి పారించడం దీని మూలం. ఫోన్ ట్యాపింగ్‌లో కూడా లైన్‌లోంచి మాటలను పక్కకు పారిస్తున్నారన్న ఊహ ఉంది. కుళాయిని ట్యాప్ అనడం, కల్లు గీసేవాళ్ళను ఇంగ్లిష్‌లో ‘టాడీ ట్యాపర్లు’ అనడం ఇందులోవే. తెలుగు మాత్రం వీటిని ఎప్పుడూ ఒక గాటన కట్టలేదు. తాటిచెట్టును గీస్తాం, కుళాయి తిప్పుతాం, ఫోన్ చాటుగా వింటాం.

‘బ్లాస్ట్’ దగ్గర ఇబ్బంది ఎక్కువ. తెలుగు పత్రికల్లో ఈ మాట బాంబులతో పాటు వచ్చింది కాబట్టి పేలుడు అన్న అర్థమే పాతుకుపోయింది. బ్లాస్ట్ ఫర్నేస్ పేరులో ఉన్న బ్లాస్ట్ పేలుడు కాదు, ఊదుడు. వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేసిన గాలిని కొలిమి అడుగు నుంచి బలంగా ఊదుతారు. విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. వాటిలో ఒకదాంట్లో నిజంగానే ప్రమాదం జరిగితే, వార్త చదివే వ్యక్తికి ఏది పేరో, ఏది పేలుడో విడదీసి చెప్పాల్సి వస్తుంది. హిందీ వాళ్ళు దాన్ని ‘ధమన్ భట్టీ’ అన్నారు, అంటే గాలి ఊదే కొలిమి. మన కమ్మరి కొలిమికి తిత్తులుంటాయి. వాటితో గాలి ఊదుతారు. ఉన్నది అదే పని, కాకపోతే కొన్ని వేల రెట్లు పెద్దది. ఊహ మన దగ్గర ఉంది, కానీ మాట కట్టేటప్పుడు దాన్ని వాడుకోలేదు.

ఇక ‘పిగ్ ఐరన్’. మాటకు మాట పెడితే పంది ఇనుము. పూర్వం కరిగిన ఇనుమును ఇసుకలో తవ్విన కాలువలోకి వదిలేవాళ్ళు. మధ్యలో పెద్ద కాలువ, దాని పక్కన వరసగా చిన్న గుంటలు. చూడటానికి తల్లి పంది దగ్గర పాలు తాగుతున్న పిల్లల్లా ఉండేవి. పెద్ద కాలువను ‘సో’ అనీ, గుంటల్లో గట్టిపడ్డ దిమ్మెలను ‘పిగ్’ అనీ పిలిచారు. తెలుగు పాఠ్యపుస్తకాల వాళ్ళు ఇక్కడ తెలివిగా వ్యవహరించారు. పందిని వదిలేసి ‘దుక్క ఇనుము’ అన్నారు. మంచి మాట. వాడేవాళ్ళే తక్కువ.

మరో ఉక్కు దేశం ఏం చేసింది?

ఇంగ్లిష్ ఒక మాటలో కుక్కిన అర్థాలను వేరే భాషలు ఎలా విడదీశాయో చూస్తే, మన పని ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది. మధ్య ఐరోపాలోని స్లొవాకియా ఇందుకు బాగా సరిపోతుంది. అక్కడ కోషిట్సె నగరం జంషెడ్‌పూర్ లాగే పెద్ద ఉక్కు కర్మాగారంతో బతికే చోటు. టాటాలకూ ఆ దేశంతో సంబంధం ఉంది. జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా మోటార్స్ 2008లో జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొనుక్కుంది. ఆ కంపెనీ 2018లో స్లొవాకియాలోని నిట్రాలో కార్ల ఫ్యాక్టరీ తెరిచింది.

స్లొవాక్ భాషలో బ్లాస్ట్ ఫర్నేస్‌ను ‘విసోకా పెట్స్’ అంటారు. ఎత్తయిన కొలిమి అని అర్థం. పేలుడు ఊసే లేదు. పిగ్ ఐరన్‌ను ‘సురోవే జెలెజో’, అంటే పచ్చి ఇనుము అంటారు. హీట్‌కు ‘తావ్బా’, కరిగింపు. ట్యాపింగ్‌కు ‘ఒడ్‌పిహ్’, పొడిచి తెరవడం. ఫోన్ ట్యాపింగ్‌కు వినడం అనే అర్థం నుంచి పుట్టిన వేరే మాట ఉంది. ఇంగ్లిష్ మాట రూపాన్ని వాళ్ళు అనువదించలేదు. అక్కడ జరిగే పని చూసి పేరు పెట్టుకున్నారు. కొన్ని పేర్లు జర్మన్ దారిలో వచ్చినవే అయినా, మాట వినగానే పని కళ్ళకు కడుతుంది.

అలాగని స్లొవాక్ అన్నిటినీ విడదీసిందనుకోవద్దు. ఇనుప కొలిమికీ, రొట్టెలు కాల్చే పొయ్యికీ వాళ్ళకు ఒకటే మాట, ‘పెట్స్’. బరువులెత్తే క్రేన్‌నూ, కొంగ జాతి పక్షి క్రేన్‌నూ ఇంగ్లిష్‌లాగే ఒకే మాటతో పిలుస్తారు, ‘జెరియావ్’. మనం యంత్రాన్ని క్రేన్ అనే అంటాం, పక్షి సంగతి ఆ మాటలో మనకు కనిపించదు. ‘నోసిత్’ అంటే మోయడం, అదే మాటకు బట్టలు తొడుక్కోవడం అనే అర్థం కూడా ఉంది. ఒక భాష కలిపిన చోట ఇంకో భాష కోస్తుంది. రెండు భాషల గీతలు ఒకదానిపై ఒకటి సరిగ్గా పడవు. నిఘంటువులో ఎదురుగా ఒక్క మాట రాసిపెడితే సరిపోకపోవడానికి కారణం ఇదే.

ఛార్జ్: బండికెత్తిన బరువు

ఉక్కు పట్నంలో అన్నిటికంటే ఎక్కువ వేషాలు వేసే మాట ‘ఛార్జ్’. కొలిమిలోకి ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి వేయడం ఛార్జింగ్. ఫోన్‌కు ఛార్జింగ్ పెడతాం. బస్సు ఛార్జీలు పెరుగుతాయి. కొత్త అధికారి ఛార్జ్ తీసుకుంటాడు. పోలీసులు లాఠీఛార్జ్ చేస్తారు. తర్వాత కోర్టులో ఛార్జ్‌షీట్ వేస్తారు.

వీటికీ వాటికీ సంబంధమేమిటనిపిస్తుంది కానీ, మూలం ఒక్కటే. లాటిన్‌లో బండికి బరువెత్తడం అనే మాట నుంచి ఇది పుట్టింది. కొలిమికి సరుకు ఎత్తారు, అధికారికి బాధ్యత ఎత్తారు, ప్రయాణికుడి మీద రుసుం వేశారు, నిందితుడి మీద నేరం పెట్టారు. తెలుగువాడికి ఇది వింతగా తోచనక్కర్లేదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుంటాం. భారం మోపుతాం, పన్ను మోపుతాం, నేరం మోపుతాం. లాటిన్‌తో ఏ సంబంధమూ లేకుండానే తెలుగు కూడా నేరాన్ని బరువుగా ఊహించుకుంది. ‘అభియోగం మోపారు’ అనే వార్తాపత్రిక వాక్యం ఇంగ్లిష్‌కు నకలు కాదు. మన లోపలి నుంచి వచ్చిందే.

చిక్కు ‘ఛార్జ్‌షీట్’ దగ్గర వస్తుంది. ఫ్యాక్టరీల్లో ఈ మాటకు పోలీసులతో సంబంధం లేదు. డ్యూటీకి చెప్పకుండా మానేశారనో, భద్రతా నియమం ఉల్లంఘించారనో, పై అధికారితో గొడవపడ్డారనో యాజమాన్యం ఇచ్చే కాగితాన్ని కూడా ఛార్జ్‌షీట్ అనే అంటారు. దానికి జవాబు రాయాలి. జవాబు నచ్చకపోతే కంపెనీ లోపలే విచారణ పెడతారు. ఆ తర్వాతే శిక్ష ఉంటుందా, ఉండదా అన్నది తేలుతుంది. కద్మాలో ఏ కార్మికుడి ఇంట్లో అయినా ఈ తేడా తెలుసు. ఆ మాట ఫోన్‌లో ఊరికి చేరితే మాత్రం ‘‘వాడి మీద పోలీసు కేసైందట’’ అవుతుంది. ఇంట్లో పెళ్ళీడు పిల్లలుంటే ఈ పుకారు ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు.

పొరపాటు రెండో వైపు కూడా జరగొచ్చు. ‘కోర్టు కాగితం కాదుగా’ అని గడువులోగా జవాబు ఇవ్వకపోతే, ఆ మనిషి లేకుండానే విచారణ ముగిసే ప్రమాదం ఉంది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలోనూ, దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఒక రక్షణ ఉంది. విచారణ పూర్తయ్యేదాకా సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులకు జీతంలో సగం, ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే ఆ తర్వాత 75 శాతం జీవనభృతి ఇవ్వాలి. అది అడగాలంటే తన చేతిలో ఉన్నది ఏ కాగితమో ముందు తెలియాలి కదా.

తెలుగులో ఈ రెండింటికీ రెండు మాటలు వాడటం కష్టమేమీ కాదు. పోలీసులు కోర్టులో వేసేదాన్ని పత్రికలు చాలాకాలంగా అభియోగపత్రం అంటున్నాయి. కంపెనీ ఇచ్చేదాన్ని ‘ఆరోపణ నోటీసు’ అంటే చాలు. స్లొవాక్‌లో క్రిమినల్ కేసుల లోపలే రెండు మెట్లకు రెండు మాటలున్నాయి. పోలీసుల దశలో నేరం పెడితే ‘ఒబ్వినేనియే’, ప్రాసిక్యూటర్ కోర్టుకు పంపితే ‘ఒబ్జలోబా’. కొలిమిలో వేసే ఛార్జ్, బ్యాటరీలో ఉండే ఛార్జ్, చెల్లించే రుసుం, ఈ మూడూ వాటితో ఏ పోలికా లేని వేర్వేరు మాటలు.

డిశ్చార్జ్ చేశారంటే మంచిదా, చెడ్డదా?

ఛార్జ్ బరువెత్తడమైతే, డిశ్చార్జ్ బరువు దించడం. కానీ ఎవరి బరువు దిగిందన్నదే ప్రశ్న.

తెలుగులో ఈ మాట ఆస్పత్రి ద్వారా వచ్చింది. అందుకే వినగానే ఊరట కలుగుతుంది. ‘‘డిశ్చార్జ్ చేశారు’’ అంటే ఇంటికొచ్చారని. అదే ఆస్పత్రిలో నర్సు గాయం చూస్తూ ‘‘డిశ్చార్జ్ ఉందా?’’ అని అడిగితే ‘‘రేపు అంటున్నారమ్మా’’ అని జవాబు రావచ్చు. ఆమె అడిగింది చీమూ రసీ కారుతోందా అని. ఆడవాళ్ళ సమస్యల్లోనైతే తెల్లబట్ట గురించి. సిగ్గుపడి అసలు జవాబే చెప్పకపోవడానికి ఇలాంటి పరాయి మాట మరో సాకు అవుతుంది.

కార్మికుడికి వచ్చిన ఉత్తరంలో డిశ్చార్జ్ అని ఉంటే అది ఊరట కాదు. ఉద్యోగం పోయిందని. కార్మిక చట్టాల్లో డిశ్చార్జ్, డిస్మిసల్, రిట్రెంచ్‌మెంట్ మూడూ వేర్వేరు. డిస్మిసల్ అంటే తప్పు చేశాడని తేల్చి శిక్షగా తీసేయడం. రిట్రెంచ్‌మెంట్ అంటే మనుషులు ఎక్కువయ్యారని తగ్గించడం. డిశ్చార్జ్‌లో శిక్ష ముద్ర ఉండకపోవచ్చు. తర్వాత ఇంకో చోట ఉద్యోగం వెతుక్కునేటప్పుడు, పరిహారం అడిగేటప్పుడు ఏ మాట రాశారన్నది తేడా తెస్తుంది. చట్టం ప్రకారం గ్రాట్యుటీ పూర్తిగా ఆపేయడానికి ఊరికే ఉద్యోగం పోవడం చాలదు. హింసాత్మక ప్రవర్తన, నైతిక పతనంతో కూడిన నేరం లాంటి కారణాలతో తొలగించి ఉండాలి. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1965లో చేర్చిన ఒక సెక్షన్ వల్ల డిశ్చార్జ్ అయిన కార్మికుడు యూనియన్ కలిసి రాకపోయినా ఒక్కడే వివాదం లేవనెత్తగలిగాడు. తెలుగులో అన్నిటినీ కలిపి ‘తీసేశారు’ అంటాం. ఇక్కడ మాత్రం తెలుగే ముద్దగా ఉంది, ఇంగ్లిష్ చట్టం విడివిడిగా ఉంది. ఒప్పుకోవాల్సిందే.

కోర్టులో మూడో డిశ్చార్జ్. రాజకీయ నాయకుల కేసుల్లో ‘డిశ్చార్జ్ పిటిషన్’ అని తరచూ చదువుతుంటాం. ఇది నిర్దోషిగా తేలడం కాదు. విచారణ నడిపేంత ఆధారం లేదని, అభియోగాలు నమోదు చేయకముందే కేసు నుంచి వదిలేయడం. కొత్త ఆధారాలు దొరికితే మళ్ళీ ఆ మనిషిని కోర్టుకు తెచ్చే వీలుంటుంది. విచారణ జరిగి నిర్దోషి అని తేలితే అదే నేరానికి మళ్ళీ విచారించడం కుదరదు. రెండింటినీ ‘క్లీన్‌చిట్’ అనే శీర్షిక కింద పెట్టేయడం తెలుగు వార్తల్లో పాత అలవాటు. చదివినవాళ్ళు కేసు శాశ్వతంగా ముగిసిపోయిందనుకుంటారు.

స్లొవాక్ ఇక్కడ సగమే సాయపడుతుంది. ఆస్పత్రి నుంచి, జైలు నుంచి, ఉద్యోగం నుంచి పంపడానికి వాళ్ళకు కూడా దాదాపు ఒకటే మాట. గాయం నుంచి కారేదానికీ, విద్యుత్తు డిశ్చార్జ్‌కీ వేరే మాటలున్నాయి.

‘పాజిటివ్’ సంగతి 2020లో కరోనా నేర్పింది. అంతకుముందు పాజిటివ్ అంటే మంచిది, పాజిటివ్‌గా ఆలోచించాలి. పరీక్షలో పాజిటివ్ అంటే రోగం ఉందని తెలిశాక, ఆ మాటకు రెండో అర్థం ఊరూరా ఒక్క ఏడాదిలో స్థిరపడిపోయింది. అవసరం ఉంటే జనం ఎంత త్వరగా విడదీసుకుంటారో దీన్ని బట్టి తెలుస్తుంది.

వంటింట్లో జరుగుతున్న నష్టం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇంగ్లిష్ మాటలోని అర్థాలు మనకు తెలియకపోవడం. దీనికి రెండో పక్క కూడా ఉంది. మన దగ్గర విడివిడిగా ఉన్నవి ఇంగ్లిష్ మాట వచ్చి కలిపేయడం.

పాలు కాస్తాం, నీళ్ళు మరిగిస్తాం, పప్పు ఉడికిస్తాం, అన్నం వండుతాం. మొదటి మూడింటికీ ఇంగ్లిష్‌లో ‘బాయిల్’ సరిపోతుంది. కద్మాలో బడిలో ఇంగ్లిష్, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ‘‘పాలు బాయిల్ చెయ్, పప్పు బాయిల్ చెయ్’’ అనడం సహజమే. నిజానికి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా అదే వినిపిస్తోంది, కద్మాను ఒక్కదాన్నే అనడానికి లేదు. కాకపోతే హైదరాబాద్ పిల్లలకు వీధిలోనో టీవీలోనో ‘కాచడం’ మళ్ళీ వినబడుతుంది. జార్ఖండ్‌లో ఇంట్లో వినకపోతే ఇంకెక్కడా వినరు.

‘వేర్’ కూడా అంతే. చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, చెప్పులు వేసుకుంటాం, బొట్టు పెట్టుకుంటాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర హెల్మెట్, షూ, సేఫ్టీ బెల్టు వేర్ చేయమని బోర్డు ఉంటే, దాన్ని తెలుగులో రాసేవాళ్ళు ‘ధరించండి’ అనే ఒక్క మాటతో పని కానిస్తారు. తప్పేమీ లేదు. హెల్మెట్ పెట్టుకోండి, షూ వేసుకోండి, బెల్టు కట్టుకోండి అని ఉంటే అమ్మ చెప్పినట్టుంటుంది, చదవగానే చెయ్యి కదులుతుంది. అదే ఫ్యాక్టరీలో ‘లైనింగ్ వేర్’ అంటే తొడుక్కోవడం కాదు. కొలిమి లోపలి ఇటుకల పొర అరిగిపోవడం. తెలుగులో ‘అరుగుదల’ ఆ మాట కోసం కాచుకుని కూర్చుంది.

నిఘంటువు చెప్పగలిగినంత

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది. ఆ కాలానికి వ్యవహారంలో ఉన్న మాటలను అంత శ్రద్ధగా పోగుచేసినవాళ్ళు తక్కువ. వృత్తి మాటల విషయంలో అంతకంటే దగ్గరి ప్రయత్నం భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. రైతు నాగలిలో ఒక్కో ముక్కనూ ఏ జిల్లాలో ఏమంటారో, నేతగాడు మగ్గంలో దేన్ని ఏ పేరుతో పిలుస్తాడో ఊరూరా తిరిగి అడిగి రాశారు. ఉక్కు ఫ్యాక్టరీలో హీట్లు లెక్కపెట్టిన తెలుగువాళ్ళ మాటల మీద ఆ స్థాయి పని జరగాల్సి ఉంది. కద్మాలో రిటైరైన కార్మికులు ఇంకా ఉన్నారు.

తెలుగువాళ్ళకు ఈ పనిలో కావాల్సిన ముడిసరుకు లేక కాదు. ‘ఉక్కు’ అనే తెలుగు, కన్నడ మాటే ‘వూట్జ్’గా మారి 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వెళ్ళిందని భాషావేత్తలు ఎక్కువమంది అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి కరిగించేవాళ్ళు. ఆ మూసే ఇప్పుడు ‘మూస సినిమా’, ‘మూస ధోరణి’ అనే మాటల్లో బతికుంది. వినేవాళ్ళలో ఎంతమందికి కొలిమి గుర్తొస్తుందో మరి. కొలిమి నుంచి వచ్చే చెత్తకు చిట్టెం అనే మాట ఉంది. ఇంగ్లిష్ స్లాగ్‌కు అది సరిగ్గా సరిపోతుంది.

అయినా నిఘంటువు అర్థాలన్నీ వరసగా పేరుస్తుందే కానీ, చేతిలో ఉన్న కాగితంలో ఏది వర్తిస్తుందో చెప్పదు. అందుకు కద్మా వంటి చోట్ల జనానికి అలవాటున్న ఉపాయమే పనికొస్తుంది. మాటకు వ్యతిరేకం ఏమిటని అడగడం. డిశ్చార్జ్‌కు ఎదురు అడ్మిషన్ అయితే ఆస్పత్రి, అపాయింట్‌మెంట్ అయితే ఉద్యోగం, అభియోగం అయితే కోర్టు, ఛార్జింగ్ అయితే బ్యాటరీ. ఎదురు మాటే లేకుండా ‘ఎన్ని?’ అని లెక్కకు వస్తే, హీట్ లాంటి పనిముట్టు మాట. ఎదురూ దొరక్క, లెక్కకూ రాకపోతే, ఆ కాగితం రాసినవాళ్ళనే అడగాలి. అందులో నామోషీ లేదు.

ఊరికి వాట్సాప్‌లో ఉత్తరం ఫొటో పంపేటప్పుడు ఇంగ్లిష్ మాట పక్కన ఒక్క తెలుగు ముక్క రాస్తే చాలా గొడవలు తప్పుతాయి. ‘కంపెనీ ఛార్జ్‌షీట్, పోలీసులది కాదు.’ ‘డిశ్చార్జ్, ఆస్పత్రి నుంచి.’ ఆ కుర్రాడు ‘‘నాన్నకి కంపెనీ క్వార్టర్ ఇచ్చింది, రెండు గదులు’’ అని ఉంటే మావయ్యకు ఆ అనుమానమే వచ్చేది కాదు.